పానశౌండ పరాక్రమము

మద్రాసు రాజధానియందు మద్యనిషేధము 1937లో సేలము జిల్లాయందు ఆరంభమై, మరుసటి యేడు తెలుగునాట అడుగుపెట్టినపుడు, ఆ గౌరవము మొదట దక్కినది చిత్తూరు, కడప జిల్లాలకు. ఆంధ్రరాష్ట్ర మవతరించి కర్నూలు రాజధాని యైన పిమ్మట, 1954 నవంబరులో, ప్రకాశంగారి మంత్రివర్గము ఒకే యొక్క వోటు తేడాతో ఆ పట్టణముననే కూలిపోయినది కూడ ఈ మద్యనిషేధపు చర్చ మీదనే. త్రాగుట యను విషయమై ఒక జిల్లా చట్టమును ముందుగా చవిచూచి, వేరొక జిల్లా మంత్రివర్గ పతనమునే కన్నులార చూచిన ఈ సీమలో, పట్టపగలు, నడివీధిలో, పదిమంది చూచుచుండగా పీకలదాక త్రాగుచు, త్రాగుటయే తన ఘనతగా స్తుతింపబడుచు, ఏ శాసనమునకును లోబడక తిరుగుచున్న పానశౌండుడు ఒక్కడు కలడు. ఆతడు పాత మిలిటరీ బండ్లలోని పెద్ద పెట్రోలు ఇంజను.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, అమెరికా సైన్యము ఈ దేశమున మిగిల్చిపోయిన జీపులును, డాడ్జి బండ్లును, మూడిరుసుల జి.ఎం.సి. లారీలును డిస్పోజల్సు సరకుగా వేలమునకు వచ్చి, కొన్ని బస్సులై, కొన్ని లారీలై, కొన్ని కంట్రాక్టరుల వాహనములై దేశమంతట వ్యాపించినవి. తరువాత 1969 మొదలు జబల్‌పూరు ఫ్యాక్టరీలో మన సైన్యమునకై నిస్సాను నమూనాను బట్టి తయారైన జోంగా, తన 3956 సి.సి. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజనుతో ఆ వంశమును నిలబెట్టినది. కర్నూలు మొదలు కడప వరకు కొందరు పెద్దమనుషుల యిండ్ల ముందర, వేపచెట్టు నీడను, వేలములో కొనితెచ్చిన ఇట్టి బండి యొకటి, సైన్యమునకు తప్ప మరెవ్వరికిని తగదని మోటారు వాహనముల నిబంధనలు చెప్పు ఆ ముదురాకుపచ్చ రంగుననే, నిర్భయముగా నిలిచియుండును. వచ్చినవారికి కాఫీ యిచ్చుటకు ముందు బానెట్టు ఎత్తి చూపుట అచ్చటి మర్యాద. «ఇది మిలిట్రీ ఇంజనప్పా! ఇంతవరకు ఇప్పిందే లేదు. ఇప్పుటి బండ్లు బండ్లా, రేకు డబ్బాలు!» అని గృహస్థు సెలవిచ్చును. చుట్టునున్న వారందరు తల లూపుదురు. ఈ స్తోత్రమునందలి పాదములను ఒక్కొక్కటిగా విప్పి చూచుట నేటి మన పని. ఇంజనును విప్పుటకు ఎటులును వారంగీకరింపరు గనుక.

మొదటి పాదము: ఇంజను పెద్దది కాబట్టి బలము పెద్దది. యుద్ధకాలపు జి.ఎం.సి. లారీ ఇంజను 270 ఘనపుటంగుళములది, అనగా ఇంచుమించు నాలుగున్నర లీటర్లది. ఇంతటి మహాకాయుడు పుట్టించిన శక్తి నూరు అశ్వశక్తులకు అటుయిటు మాత్రమే. విల్లీసు జీపు ఇంజను 2.2 లీటర్లది, దాని శక్తి అరువది. అదే సైన్యసేవలో తరువాత చేరిన మారుతి జిప్సీ, 1298 సి.సి. ఇంజనుతోనే, కడపటి నమూనాలయందు ఎనుబది అశ్వశక్తుల నిచ్చినది. పెద్దవానికంటె పిన్నవాడు అధికుడగుటకు కారణము మంత్రము కాదు. నాటి పెట్రోలు ఆక్టేను డెబ్బదికి అటుయిటుగా నుండుటచేత, దానిని సిలిండరులో గట్టిగా నొక్కినచో కాలమునకు ముందే భగ్గుమని, పిస్టనును సుత్తితో మోదినట్లు మోదెడిది; అందుచేత ఆరున్నర పాళ్లను ఒక పాలుగా నొక్కుటతోనే ఇంజినీర్లు తృప్తిపడి, తగ్గిన బలమును పరిమాణముచే పూరించుకొనిరి. అనగా ఆ పెద్దతనము ఇంధనపు పేదరికమునకు వైద్యుడు వ్రాసియిచ్చిన మందుచీటి. దానిని మనవారు పటము కట్టించి గోడకు వ్రేలాడదీసి, యోగ్యతాపత్రమని చదువుచున్నారు.

నిదానముగా తిరుగుచునే బరువును ఈడ్చుట దాని సుగుణమని యొప్పుకొందము; నిన్నటిదాక నాగలి పట్టిన సిపాయి సైతము ఒక స్పానరుతో బాగుచేయగల సాదాతనము దాని రెండవ సుగుణము. ఈ రెంటినిబట్టియే ఆ యంత్రనిర్మాతలకు నమస్కరింపవచ్చును. అయితే భక్తులు నమస్కరించునది వీనికి కాదు, దాని దాహమునకు.

రెండవ పాదము: ఇప్పటి పెట్రోలులో బలము లేదు, నాటి పెట్రోలే పెట్రోలు. నేటి బంకులలో తొంబదియొకటికి తగ్గిన ఆక్టేను దొరకదు. నాటి ఇంజనుకు దానిని సద్వినియోగము చేసికొను పీడనమే లేదు గనుక, ఆ అధికగుణము పొగగొట్టము గుండ సద్గతి నొందును. ఇట బలములేనిది పెట్రోలు గాదని విన్నవించినచో కాఫీ రెండవ లోటా రాదు. ఐనను ఒక్క ఫిర్యాదు మాత్రము న్యాయమైనది: ఇప్పుడు దేశమంతట అమ్ముచున్న ఇ-20 పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ల వరకు ఇథనాలు, అనగా సాక్షాత్తు సారము తీసిన సుర, కలసియుండుటచేత, పాతబండ్ల రబ్బరు గొట్టములును, పంపులోని పొరయు మెత్తబడి చెడును, పాత కార్బురేటరు కొలత తప్పును. ఎనుబది యేండ్లుగా త్రాగుచున్న వానికి నిజమైన మద్యము పోసిన నాడే కడుపు చెడినది! మద్యనిషేధమును తొలుత చూచిన కడప జిల్లాలో ఈ నీతిని ఎవ్వరును గుర్తింపకుండుట విచారకరము.

మూడవ పాదము: మిలిటరీ బండి యెండకు బెదరదు. మే నెలలో కడప నుండి రాయచోటికి పోవు త్రోవను గువ్వలచెరువు ఘాటు ఎక్కునపుడు ఈ ప్రతిజ్ఞను పరీక్షింపవచ్చును. ఇంజను వేడికిని, సూర్యుని వేడికిని నడుమ చిక్కుకొనిన పెట్రోలు గొట్టములోనే ఆవిరియై, పంపు పీల్చినను రాక, బండి మలుపులో నిలిచిపోవును; అప్పుడు డ్రైవరు దిగి, త్రాగుటకు తెచ్చుకొన్న నీటితో గుడ్డ తడిపి పంపుకు చుట్టి, మిగిలిన నీరు రేడియేటరులో పోసి, చెట్టులేని చోట చెట్టు నీడను వెదకును. బిందె నీటికై మైలు దూరము నడచిన తల్లుల సీమలో, పెట్రోలు చాలక నీటిని గూడ కోరు ఈ అతిథికి ఎంతటి సత్కారము! ఈ నేలమీద కరవు నెరుగని ప్రాణి ఇదియొక్కటియే.

కరవు నెరుగదనుట కూడ పూర్తిగా నిజము కాదు. యుద్ధకాలమున పెట్రోలుకు రేషను వచ్చి, మద్రాసు రాజధానిలోని బస్సులకు వెనుక భాగమున బొగ్గు కొలిమి తగిలింపబడినది, మదురైలో టి.వి.ఎస్. వారు అట్టి గ్యాసు ప్లాంట్లను తయారుచేసి ప్రసిద్ధి గాంచిరి. బొగ్గు కాలగా వచ్చిన వాయువును పీల్చి, మూడవవంతునకు తక్కువ గాకుండ శక్తి పోగొట్టుకొని, ఎత్తు వచ్చినచోట ప్రయాణికులను దింపి నెట్టించుకొనుచు, ఈ పెట్రోలు ఇంజనులే ఆ కాలమును గడపినవి. పానము మాన్పించినచో ధూమపానమునకైనను సిద్ధపడిన ఈ చరిత్రను ఏ భక్తుడును తన స్తోత్రములో చేర్చడు. ఏలయన అందు పరాక్రమము లేదు, పొదుపు మాత్రమే కలదు.

నాలుగవ పాదము, అన్నిటికంటె గంభీరమైనది: యుద్ధమును గెలిచిన ఇంజను ఇది. గెలిచినమాట సత్యము. జి.ఎం.సి. లారీలు ఐదు లక్షలకు పైగా, జీపులు ఆరు లక్షలకు పైగా తయారై లోకమంతట తిరిగినవి. ఐనను 1944 ఆగస్టు చివర, ఫ్రాన్సు దేశమున శత్రువును తరుముకొనిపోవుచున్న జనరల్ ప్యాటన్ సేన మ్యూజు నది యొద్ద ఆగిపోయినది శత్రువు చేత కాదు, పెట్రోలు లేమిచేత. సరుకులు మోయుటకై రాత్రింబవళ్లు నడచిన లారీలు, దూరము పెరిగినకొలది, తాము మోసుకొనివచ్చు పెట్రోలులో తమ పాలును పెంచుకొనుచుండెను. ఐనను దొరతనము జంకలేదు. లీటరుకు మూడు కిలోమీటర్లు నడచినను, రెండు నడచినను, నడపువాని జేబునుండి దమ్మిడీ పోదు. అమెరికా ఖజానా యున్నది, టెక్సాసు బావులున్నవి. ఈ ఇంజను రహస్యమంతయు ఇందే యున్నది: ఇది బిల్లు చెల్లింపని వానికొరకు నిర్మింపబడిన యంత్రము. ఇనుము, సిలిండరు, కార్బురేటరు పిమ్మటి మాటలు. దాని మొదటి భాగము పరుల ఖజానా.

కావుననే అది తన సహజవాసమును వెదకుకొనుచు, ఊరేగింపులును, ఎన్నికల తిరుగుళ్లును, అనుచరుల పరివారమును గల ముంగిళ్లకు చేరినది. కర్నూలు నుండి కడపకు రెండువందల కిలోమీటర్లు. లీటరుకు నాలుగు చొప్పున ఏబది లీటర్లు. లీటరు నూరు రూపాయలు దాటిన ఈ దినములలో ఒక ప్రక్క ప్రయాణమునకే ఐదువేల పైచిలుకు. ఇంత ఖర్చు నిర్లక్ష్యముగా చేయగలుగుట, లేక చేయుచున్నట్లు కనబడుట, ఇదియే అచ్చట ప్రదర్శింపబడు అశ్వశక్తి.

కనబడుట యని యేల అంటిననగా, ఈ మతములోని పరమ రహస్యము బానెట్టు క్రిందనే యున్నది. సగము బండ్లలో ఆ యుద్ధవీరుడు ఎన్నడో పాతసామాను అంగడికి చేరినాడు; ఆయన గద్దెమీద మేటడారు వ్యానునుండి దింపిన డీజిలు ఇంజనో, ట్రాక్టరు దగ్గరి చుట్టమో కూర్చుండి, చడీచప్పుడు చేయుచు, లీటరుకు పది పన్నెండు కిలోమీటర్లు నడచుచున్నది. ఇంతవరకు విప్పిందే లేదన్న మాట ఈ విధముగా సత్యమే: విప్పుటకు ఆ ఇంజను అచ్చట లేదు. 2021లో కేంద్రప్రభుత్వము ఏబదియేండ్లు నిండిన బండ్లకు వింటేజి రిజిస్ట్రేషను నియమించి, ఇంజను మార్పబడినది కారాదని షరతు పెట్టినపుడు, ఈ భక్తులలో పలువురు దరఖాస్తు చేయకుండుటకు ఇరువదివేల రుసుము మాత్రమే కారణము కాదు. ఆ నిబంధనలు అట్టి బండిని నిత్యప్రయాణమునకు వాడరాదని చెప్పుచునే, ప్రదర్శనలకును, ర్యాలీలకును, మరమ్మతులకును, పెట్రోలు పోయించుకొనుటకును రోడ్డు మీదికి రానిచ్చినవి. శాసనకర్తలు ఈ యంత్రపు దినచర్యను ఇంత నిశితముగా పరిశీలించియుందురని నే ననుకొనలేదు.

బరువు మోయుటయే బ్రతుకైన వారి తీర్పు ఏనాడో వెలువడినది. 1954లో టెల్కో వారు జర్మనీ డైమ్లరు బెంజి కంపెనీతో కలసి డీజిలు లారీలు తయారుచేయ నారంభించిన పిమ్మట, మన లారీ యజమానులు సభ చేయలేదు, శోకగీతము వ్రాయలేదు. లెక్క వేసికొని, కొద్ది యేండ్లలో పెట్రోలు లారీని వదలి బెంజి లారీ నెక్కిరి. బేతంచెర్ల నాపరాళ్లును, ఎర్రగుంట్ల సిమెంటును, మంగంపేట ముగ్గురాయియు ఈ సీమనుండి లోకమునకు పోయినది ఆ పొగగొట్టము వెంటనే. జీపులు తయారుచేయు మహీంద్రా వారు సైతము 1979లో ఫ్రాన్సు ప్యూజో కంపెనీతో డీజిలు ఒప్పందము చేసికొనిరి. పెట్రోలు ఇంజనుతో నాపరాయి మోసి బ్రతుకుదునని నేడు ఒక్కడైనను ముందుకు వచ్చినచో, ఈ వ్యాసమును వెనుకకు తీసికొందును.

ఇక కర్తవ్యమేమి? నిషేధము ఫలింపదని ఈ రాష్ట్ర చరిత్ర పలుమారులు చాటినది గనుక నిషేధింపవలదు. ఇంజనును యథాతథముగా కాపాడుకొని, తన సంపాదనతో దానిని మేపుచు, ఆదివారమునాడు పిల్లలకు చూపి దాని మర్మము చెప్పు వానిని మ్యూజియము వలె గౌరవింపవలెను. తక్కినవారి విషయమున ఒక చిన్న మర్యాద చాలును: ఆ యంత్రమహిమను యజమాని నోట గాక, నెలాఖరున బంకుకు పోయి ఖాతా తీర్చివచ్చు గుమాస్తా నోట వినుడు. ఆయన సాధారణముగా డీజిలు గురించియే మాట్లాడును.