రాని చీరకు సంతకం

మంగళగిరిలో మా వదిన వాట్సాప్‌లో చీరలు అమ్ముతుంది. అమ్మకాలు ఆవిడవి, రాతకోతలు నావి. ఫిర్యాదు రాయాల్సి వచ్చినప్పుడల్లా "అబ్బాయ్, కాస్త ఘాటుగా రాయవూ" అని ఫోన్ నా చేతిలో పెడుతుంది. అలా రాసీ రాసీ నాకో జ్ఞానోదయం అయింది. పార్సిల్ అందిందని చెప్పడానికి ఒక గీత చాలు. అందలేదని చెప్పడానికి మాత్రం ఆధార్ కార్డు, సంతకంతో ఉత్తరం, ప్యాకింగ్ వీడియో, బిల్లు, వీటన్నిటి పైన కాస్త పూర్వజన్మ సుకృతం కావాలి.

గీత అని ఊరికే అనడం లేదు. నిజామాబాద్‌లో ఒక టీచరుగారికి వదిన 4,200 రూపాయల మంగళగిరి పట్టుచీర పంపింది. నాలుగో రోజు ఉదయం 6 గంటల 43 నిమిషాలకు 'డెలివర్డ్' అని పచ్చ టిక్కు పడింది. కొరియర్ వాళ్లు మిట్టమధ్యాహ్నం కూడా దొరకని ఊళ్లో కోడి కూతతో పాటు పార్సిల్ ఇచ్చారంటే మెచ్చుకోవాలి. ఏదీ సంతకం అంటే చూపించారు. ఎడమ నుంచి కుడికి ఒక వంకర, చివర్న చిన్న తోక. వానపాము తెర మీద పాకి వెళ్లిపోయినట్టుంది. టీచరుగారేమో ఇరవై రెండేళ్లుగా ప్రోగ్రెస్ కార్డుల మీద ఇంటిపేరుతో సహా పొల్లు పోకుండా సంతకం పెడుతున్న మనిషి.

సంతకంతో పాటు ఫొటో కూడా ఉంది. నీలం రంగు తలుపు, పసుపు రాసిన గడప, పక్కన పగిలిన బకెట్‌లో తులసి మొక్క, చిన్నపిల్లల చెప్పులు ఒక జత. గడప మీద మా ప్యాకెట్టు. టీచరుగారు ఉండేది మూడో అంతస్తులో. టేకు రంగు తలుపు, దాని ముందు ఇనప గ్రిల్లు. ఆవిడ తన గుమ్మం ఫొటో తీసి పంపింది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి కంపెనీకి పంపాను. అవతలి నుంచి వచ్చిన జవాబు: "మా ఫొటోలో తలుపు స్పష్టంగా కనిపిస్తోంది సర్." నిజమే. స్పష్టంగానే ఉంది. ఎవరిదన్నదే ప్రశ్న.

ఇక్కడ డెలివరీ కుర్రాణ్ణి తిట్టడం తేలిక. నేను తిట్టను. పార్సిల్‌కింత అని లెక్కగట్టి డబ్బులిస్తూ, సాయంత్రానికి సంచీ ఖాళీ కాకపోతే నిలదీసే చోట ఎవడైనా దగ్గర్లో ఉన్న తలుపునే ఎంచుకుంటాడు. నా కోపమల్లా ఆ కుర్రాడు నొక్కిన బటన్‌ని వేదవాక్కుగా చేసి కూర్చున్న వాళ్ల మీద. వాళ్ల దృష్టిలో జరిగేదంతా తెర మీదే జరుగుతుంది. చీర నిజామాబాద్‌లో లేకపోవచ్చు, తెర మీద ఉంది కదా!

అసలు దుర్మార్గం ఇంకోటుంది. పచ్చ టిక్కు పడ్డ రాత్రి వదిన నాతో మెల్లగా అంది: "అబ్బాయ్, ఆవిడ తీసుకుని కాదంటోందేమో?" అదే సమయానికి నిజామాబాద్‌లో టీచరుగారు వాళ్లాయనతో "చీర పంపకుండానే ట్రాకింగ్ నంబర్ ఇచ్చి ఊరుకుందేమోనండీ" అని అంటున్నారట. ఇది ఆవిడే తర్వాత నవ్వుతూ చెప్పింది. మూడేళ్లుగా ఒకరికొకరు 'అక్కా' అంటే 'అక్కా' అని పిలుచుకునే ఇద్దరాడవాళ్లు ఒక్క రాత్రికి దొంగలయ్యారు. పార్సిల్ చేతిలో ఉంచుకున్న మూడో మనిషికి మాత్రం ఎలాంటి అనుమానాలూ లేవు. హాయిగా నిద్రపోయాడు.

అమాయకంగా అబద్ధమాడే కొనుగోలుదార్లు లేరా? ఉన్నారు. చీర కట్టుకుని పెళ్లిలో ఫొటో దిగి, అదే ఫొటో స్టేటస్‌లో పెట్టి, చీర రాలేదన్న మహాతల్లి కూడా మా అనుభవంలో ఉంది. అలాంటి వాళ్ల దయవల్లే వదిన కూడా గ్రూపులో 'అన్‌బాక్సింగ్ వీడియో లేకపోతే కంప్లైంట్ తీసుకోబడదు, డిస్పాచ్ అయ్యాక బాధ్యత మాది కాదు' అని బోర్డు పెట్టింది. నేను అడిగాను: "వదినా, పార్సిల్ రానివాళ్లు దేన్ని విప్పుతూ వీడియో తీయాలి?" ఆవిడ నా వంక అదోలా చూసి కాఫీ పెట్టడానికి లేచింది. బోర్డు ఇప్పటికీ అలాగే ఉంది.

చట్టం కూడా కొంచెం ఆవిడ వైపే మాట్లాడుతుంది. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం 39వ సెక్షన్ ప్రకారం సరుకును రవాణాదారు చేతికిస్తే, పైకి చూడ్డానికి, కొన్నవాడికి ఇచ్చినట్టే లెక్క. అయితే ఆ రవాణాదారుతో సరైన ఒప్పందం చేసుకోవాల్సింది అమ్మిన మనిషే. ఆ ఒప్పందం ఎక్కడుందని వెతికితే రసీదు వెనక గసగసాల సైజు అక్షరాల్లో దొరికింది. మా అన్నయ్య కళ్లజోడు, నా కళ్లజోడు కలిపి పెట్టి చదివాం. సరుకు పోతే కంపెనీ బాధ్యత వంద రూపాయలకు మించదట.

ఈ వందకు పెద్ద చరిత్రే ఉంది. 1865లో తెల్లవాళ్లు రవాణాదార్ల చట్టం చేశారు. బంగారం, వెండి, గాజుసామాను, పట్టు వగైరాల విలువ వంద రూపాయలు దాటితే, ఆ సంగతి అప్పగించేటప్పుడే చెప్పాలి. చెప్పకపోతే పోయినదానికి అడగడానికి లేదు. ఆ రోజుల్లో వంద రూపాయలంటే ఒక కుటుంబం చాన్నాళ్లు కడుపునిండా తినే డబ్బు. 2007లో దాని బదులు కొత్త చట్టం వచ్చింది. మధ్యలో 1996లో భారతీ నిట్టింగ్ కంపెనీ కేసులో, కొరియర్ కాగితం మీద సంతకం పెట్టాక అందులో రాసుకున్న పరిమితికి కట్టుబడాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పరిమితీ వందే, కాకపోతే డాలర్లు. నూట అరవై ఏళ్లలో రాజ్యాలు మారాయి, నాణేలు మారాయి, పట్టుచీర ధర ఎక్కడికో పోయింది. మా రసీదు వెనక వంద మాత్రం కొండలా కదలకుండా కూర్చుంది.

ప్రభుత్వ తపాలా ఇంకా నిజాయితీపరురాలు, మొదట్నుంచీ మొహమాటం లేదు. 1898 చట్టంలోనే పోయినా, ఆలస్యమైనా, ఇంకొకరి చేతికి చేరినా నాకు సంబంధం లేదని చెప్పుకుంది. దాని స్థానంలో వచ్చిన 2023 చట్టం కూడా నిబంధనల్లో రాసుకున్నంత మేరకే బాధ్యత అంటోంది.

పోనీ వీళ్లకు లెక్కలు రావా అంటే, అద్భుతంగా వచ్చు. చీర బరువు 600 గ్రాములు. పెట్టె పొడవు 30 సెంటీమీటర్లు, వెడల్పు 25, ఎత్తు 10. మూడూ గుణించి 5,000తో భాగించి 'ఇది కిలోన్నర' అన్నారు. అంటే పెట్టెలో ఉన్న గాలికి కూడా కిరాయి కట్టించుకున్నారు. గాలిని గ్రాములతో సహా తూచగలిగిన మనుషులు చీర ఏ వీధిలో పడిపోయిందో చెప్పలేకపోయారు.

ఫిర్యాదు ప్రయాణం మాటకొస్తే, మూడు చెరువుల నీళ్లు తాగించారు. మొదటి టికెట్ 'పరిష్కరించబడింది' అని మూసేశారు. రెండోది 'మొదటి టికెట్‌తో సమానం' అని మూసేశారు. మూడోసారి ఒకమ్మాయి ఫోన్ చేసి "మీరు అమ్మకందారు సర్, వినియోగదారు కాదు" అంది. 2019 వినియోగదారుల చట్టంలో, స్వయం ఉపాధితో బతుకు వెళ్లదీసుకోవడానికే సరుకు కొని వాడుకుంటే అది వాణిజ్యం కిందికి రాదని వివరణ ఉంది. అదే చెప్పాను, 1915 హెల్ప్‌లైన్ నంబరూ చెప్పాను. "మీ విలువైన సూచనకు ధన్యవాదాలు సర్" అని పెట్టేసింది. అంతకు ముందు రోజు టీచరుగారు ఫోన్ చేస్తే, "బుక్ చేసింది మీరు కాదు కదా మేడమ్, పంపినవాళ్లనే మాట్లాడమనండి" అన్నారట. పంపినావిడకు హక్కు లేదు, అందుకోవాల్సినావిడకు సంబంధం లేదు. ఇక మాట్లాడాల్సింది చీరే.

చివరికి వంద రూపాయలు మంజూరయ్యాయి. నగదుగా కాదు, తర్వాతి బుకింగ్‌లో తగ్గింపుగా, ముప్ఫై రోజుల గడువుతో. వదిన ఇంకో చీర తీసి, ఈసారి బస్టాండుకు వెళ్లి ఆర్టీసీ కార్గోలో వేసింది. టీచరుగారి భర్త నిజామాబాద్ బస్టాండులో రసీదు నంబరు చెప్పి, కౌంటర్లో మనిషి కళ్లెదురుగా తీసుకున్నారు.

అయినా అన్ని ఊళ్లకూ బస్టాండు దాకా రమ్మనలేం. అందుకని వదిన ఇప్పుడు ఆర్డర్ తీసుకునేటప్పుడు పేరు, చిరునామా, పిన్‌కోడ్ తర్వాత ఇంకోటి అడుగుతోంది: "మీ ఇంటి తలుపు ఏ రంగు?" ప్యాకెట్టు మీద స్కెచ్ పెన్నుతో రాస్తోంది కూడా: 'తలుపు పచ్చ. గ్రిల్లు ఉంది. తులసి మొక్క లేదు.' పోయిన వారం వరంగల్ నుంచి ఒకావిడ రెండు చీరలు ఆర్డర్ పెట్టి, ఈ ప్రశ్నకు జవాబుగా వాయిస్ మెసేజ్ పంపింది: "పండక్కి ఇంటికి రంగులేయిస్తున్నామక్కా. తలుపుకేం రంగో మా అత్తగారింకా తేల్చలేదు. అది తేలాక పంపుతారా?"