కొన్నావా, కౌలుకు తీసుకున్నావా?

నెల్లూరు మైపాడు రోడ్డులో రొయ్యల చెరువులు చేసే ఆసామికి కౌలంటే ఏందో ఒకరు చెప్పే పని లేదు. చెరువు ఎవరిది, ఎన్నేళ్లకు, ఎకరా ఎంత, గడువు తీరాక ఏరియేటర్లు ఎవరు విప్పుకుపోవాలి, అన్నీ నోటి మీదే. ఆయన కొడుక్కి ఆ బాధ లేదు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల కొట్లో నూటికి పైగా గేములు కొన్నాడు, అన్నీ తన సొంతమనే నమ్మకంతో ఉన్నాడు.

"ఏడుండాయిరా అవి?"

"లైబ్రరీలో ఉండాయి నాయనా."

లైబ్రరీ అంటే తెచ్చుకున్నది తిరిగిచ్చే చోటని ఆయనకు గుర్తు. ఊరుకున్నాడు.

కుర్రాడి సుఖం మాత్రం చిన్నది కాదు. ఒకప్పుడు గేము సీడీ కావాలంటే రైలెక్కి మద్రాసు బర్మా బజారుకు పోవాలి. తెచ్చినవాటిలో సగం తెరుచుకోవు, తెరుచుకున్నవాటికి ఉప్పుగాలికి బూజు. ఇప్పుడు స్టీమ్‌లో ధరలు రూపాయల్లోనే ఉంటాయి, యూపీఐతో కట్టేయొచ్చు. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు వాపసు కూడా ఇస్తారు. రొయ్యపిల్లను హేచరీకి వెనక్కిచ్చే ఇలాంటి ఏర్పాటు తండ్రికి ఇంతవరకు ఎవరూ చేసిపెట్టలేదు. ఇక రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అనే గేము పెట్టుకోవాలంటే 150 జీబీ జాగా కావాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు తండ్రి చెరువు గట్టును చూస్తుంటే, కొడుకు డౌన్‌లోడ్ శాతాన్ని చూస్తుంటాడు.

చిక్కంతా పత్రంలో ఉంది. బటన్ నొక్కితే చేతికొచ్చేది గేము కాదు, దాన్ని ఆడుకునే లైసెన్సు. ఆ సంగతి చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదని కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. అమలు 2025 జనవరి నుంచి అన్నా, స్టీమ్ 2024 అక్టోబరులోనే చెల్లింపు పేజీలో, కొనేది లైసెన్సేనని ఒక వాక్యం పెట్టేసింది. ఇరవై ఏళ్లుగా కొంటున్నామనుకున్నవాళ్లు కౌలుదార్లమని ఆ రోజు తెలుసుకున్నారు.

నెల్లూరు రెవెన్యూ భాషలో ఇది పాత డీకేటీ పట్టా, అంటే సర్కారు పేదలకిచ్చిన అసైన్డ్ భూమి పత్రం. సాగు చేసుకో, అమ్మొద్దు అనేవాళ్లు. పోల్చడం పట్టాకే అవమానమేమో, ఎందుకంటే 1977 నాటి చట్టం అసైన్డ్ భూమిని వారసులకైనా దక్కనిచ్చింది. స్టీమ్ ఖాతాను వీలునామాలో రాసినా చెల్లదని ఆ సంస్థ సహాయ విభాగం 2024లో ఒక వాడకందారుకు తేల్చి చెప్పింది.

గేములు తయారుచేసే యూబీసాఫ్ట్ ఇంకో మెట్టు దిగింది. 2014లో విడుదల చేసిన 'ది క్రూ' అనే కార్ల గేము సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది, ఆపైన ఆ గేము కొన్నవాళ్ల లైసెన్సులనూ రద్దు చేసింది. డిస్కు కొని బీరువాలో భద్రంగా దాచుకున్నవాళ్లదీ అదే గతి. అప్పటికి ఆ డిస్కు కాఫీ గ్లాసు కింద పెట్టుకోవడానికి పనికొచ్చింది.

"గడువు రాయని కౌలు ఎవడు రాసుకుంటాడబ్బయా?" అని తండ్రి అడిగాడు. వేసవి సేలు రెండు రోజుల్లో అయిపోతుందని కొడుకు జవాబు.

ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె ఇచ్చిపుచ్చుకునే నెల్లూరు రొట్టెల పండక్కి ఈసారి ఆ అబ్బాయి స్వర్ణాల చెరువులో చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె దాటుకుంటూ సర్వర్ రొట్టె కోసం వెతుకుతాడట. కోరిక తీరినవాడే కదా ఆ రొట్టె తెచ్చి ఇవ్వాలి! 'ది క్రూ' కొన్నవాళ్లెవరూ ఇంకా గట్టు మీద కనబడలేదు.