ఫ్రిస్కోలో పూరిల్లు, మంగళగిరిలో రాజసౌధం

మా బావమరిదికి రెండు ఇళ్ళు. ఒకటి టెక్సాస్‌లో, డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో. రెండోది మంగళగిరిలో. మొదటిదాంట్లో అతను ఉంటాడు. రెండోదాంట్లో మా మామగారి ఫొటో, రెండు ఇత్తడి గుండిగలు, విప్పి మూలన పెట్టిన పాత మగ్గం, ఎవరూ పడుకోని పందిరి మంచం ఉంటాయి. తాళంచెవి నా దగ్గరుంటుంది. తాళంచెవి ఎవరి దగ్గరుంటే ఇంటి పన్ను కాగితం వాళ్ళ గుమ్మంలోనే పడుతుందని ఆ చెవి నా చేతిలో పెట్టేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

అతనిప్పుడు అమెరికా పౌరుడు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డుంది. అంటే చట్టం లెక్కలో మంగళగిరి ఇంటికి విదేశీ యజమాని. ఆ కార్డుతో మన దేశంలో ఇల్లు కొనుక్కోవచ్చు, షాపు కొనుక్కోవచ్చు, సాగుభూమి మాత్రం కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. రిటైరయ్యాక రెండెకరాల మిరప చేను కొని కోతలు దగ్గరుండి చేయిస్తానని కలలు కన్నవాడికి ఇది గట్టి దెబ్బే. మిరప చేలో ఒక్కపూట నడుం వంచి కాయలు కోసినవాళ్ళకెవరికీ ఇలాంటి కలలు రావు, అది వేరే సంగతి.

మొన్నొక ఏప్రిల్‌లో పన్ను కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను. ఆ రాత్రే ఫోను.

"బావగారూ, ఇది ఒక్క నెలదా?"

"ఏడాదిదయ్యా. ఆరు నెలలకొక భాగం చొప్పున రెండు భాగాలు."

"డాలర్లా, రూపాయలా?"

"మన మున్సిపాలిటీ డాలర్లలో ఎప్పుడు వేసింది?"

కాసేపు అటునుంచి మాట లేదు. నలభై లక్షల విలువ కట్టి నూటికి పదిహేను పైసల చొప్పున వేసినా ఏడాదికి తేలేది ఆరు వేల రూపాయలే. ఆ డబ్బు తన ఇంటి ముందు గడ్డి కోయించడానికి కూడా చాలదన్నాడు.

అతని ఆశ్చర్యంలో న్యాయం లేకపోలేదు. టెక్సాస్ రాష్ట్రం జీతాల మీద ఆదాయపు పన్ను వేయదు. బదులుగా స్థానిక సంస్థలన్నీ ఇళ్ళ మీద పడతాయి. బళ్ళ జిల్లాకింత, కౌంటీకింత, నగరానికింత, కాలేజీకింత అని ఎవరి వంతు వాళ్ళు వేసుకుంటే, కలిపి ఇంటి విలువలో నూటికి రెండు దాకా తేలడం అక్కడ మామూలే. అయిదు లక్షల డాలర్ల ఇంటికి పదివేల డాలర్లు! సొంత ఇంట్లో ఉన్నవాళ్ళకి ఇచ్చే మినహాయింపులు పోగా కూడా జనవరి 31 గడువు దగ్గరపడేసరికి అతని గొంతు మారిపోతుంది. ఇందులో టెక్సాస్ ఒంటరిది కాదు. మనవాళ్ళు కిక్కిరిసి ఉన్న న్యూజెర్సీలో 2024 నాటికి సగటు ఇంటి పన్నే పదివేల డాలర్లు దాటింది.

అయితే అక్కడొక సదుపాయం ఉంది. మదింపు కార్యాలయం ఏటా ఏప్రిల్ ప్రాంతంలో "మీ ఇంటి విలువ ఇంత" అని ఉత్తరం రాస్తుంది. నచ్చనివాళ్ళు మామూలుగా మే 15 లోపు అభ్యంతరం చెప్పి, సమీక్ష మండలి ముందు కూర్చుని వాదించుకోవచ్చు. తగ్గించిన దాంట్లో వాటా తీసుకుని మన తరఫున వాదించే కంపెనీలు కూడా ఉన్నాయి. మా బావమరిది మాత్రం తన ఇంటిని తనే తిట్టుకోవాలంటాడు. కిరాయి మనిషికి ఆ ఆర్తి రాదట.

ఆ వాదనకు పట్టుకెళ్ళే ఫొటోలు నేను చూశాను. గోడ మీద వెంట్రుకవాసి పగులు, దాని పక్కన కొలతకి స్కేలు. వడగళ్ళకి సొట్టలు పడ్డ కప్పు. ఎండిన పచ్చిక. మెట్ల కింద తడి మరక. అవన్నీ వరసగా చూస్తే, ఈ కొంపలో పసిపిల్లల్ని ఎలా పెంచుతున్నారమ్మా అని కళ్ళు చెమరుస్తాయి. అదే ఇంటి గృహప్రవేశం వీడియో కూడా మాకు చూపించాడు. అందులో పగులూ లేదు, మరకా లేదు. వంటింటి గట్టు మీది రాయి ఏ దేశపు గనిలోంచి వచ్చిందో కూడా అందులో చెప్పాడు.

ఈ మనిషే మంగళగిరి కాగితంలో మూలధన విలువ అన్న గడి చూసి మండిపడ్డాడు.

"మా ఇంటికి ఇంతేనా కట్టింది? పక్కనే ఎయిమ్స్. అటు అమరావతి, ఇటు గుంటూరు, మధ్యలో హైవే. డాబా మీద నిలబడితే గాలిగోపురం పదకొండు అంతస్తులూ లెక్కపెట్టొచ్చు. మా నాన్న ఇటుక ఇటుక దగ్గరుండి పేర్పించాడు బావగారూ!"

"ఆ తక్కువ విలువ వల్ల నీకే కదయ్యా డబ్బు మిగిలేది."

"డబ్బు సంగతి కాదు. పరువు."

అక్కడి పరువు మే 15న ఎటు పోతుందని అడగబోయి, పక్కన మా ఆవిడ ఉండటంతో ఆగాను. తమ్ముడి మాటకి ఎదురు చెప్తే ఆ పూట కూరలో ఉప్పు తేడా వస్తుంది.

పద్ధతి మాత్రం ఓపిగ్గా చెప్పాను. 2021 దాకా మన పట్టణాల్లో ఇంటి పన్ను అద్దె విలువ మీద ఉండేది. ఇల్లు ఏ జోనులో ఉంది, డాబానా, పెంకుటిల్లా, ఎన్నేళ్ళ నాటిది అని చూసి, అద్దెకిస్తే ఏడాదికి ఎంత రావచ్చో ఊహించి దానిమీద వేసేవాళ్ళు. 2020 నవంబరులో చట్టం మార్చారు. 2021 ఏప్రిల్ నుంచి లెక్క మూలధన విలువ మీద. రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో ఆ వీధికి ఉన్న గజం రేటు, దానికి కట్టడం విలువ కలుపుతారు. నివాసాలకైతే అందులో నూటికి పది పైసల నుంచి యాభై పైసల దాకా, వ్యాపార కట్టడాలకైతే ఇరవై పైసల నుంచి రెండు రూపాయల దాకా వేయవచ్చు. 375 చదరపు అడుగుల లోపు సొంత ఇళ్ళకి ఏడాదికి 50 రూపాయలే. జనం గుండెలు ఆగకుండా ఇంకో అడ్డుకట్ట కూడా పెట్టారు: పన్ను ఏడాదికి 15 శాతానికి మించి పెరగకూడదు. టెక్సాస్‌లో సొంత నివాసపు మదింపు ఏడాదికి 10 శాతానికి మించి పెరగకుండా, కాలిఫోర్నియాలో 1978 నుంచి 2 శాతానికి మించకుండా ఇలాంటి కట్లే ఉన్నాయి. మనది 15 అయినా, మొదలు తక్కువ కాబట్టి ఇంకా ఒంటికి తగల్లేదు. ఏటేటా 15 చొప్పున ఎక్కితే అయిదేళ్ళలో రెట్టింపవుతుందని లెక్కల మాస్టార్లు ఇప్పటికే వేళ్ళు మడుస్తున్నారు.

అసలు మన దగ్గర ఇంటికి ఒకే విలువ ఉంటుందనుకోవడమే అమాయకత్వం. రిజిస్ట్రారు బల్ల ముందు ఒక విలువ, బ్యాంకు మేనేజరు ముందు ఇంకొకటి. పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారు చెప్పేది మూడోది, అది వింటే రిజిస్ట్రారుకి కళ్ళు తిరుగుతాయి. అన్నదమ్ముల పంపకాల్లో పోర్షను తీసుకునేవాడు చెప్పే విలువకీ డబ్బు తీసుకునేవాడు చెప్పే విలువకీ మధ్య ఇంకో చిన్న ఇల్లు కట్టొచ్చు. పన్ను మదింపు చేసేవాడు వీటిలో అన్నిటికంటే మర్యాదస్తుడు. పుస్తకంలో ఉన్నది రాసి ఊరుకుంటాడు.

బావమరిది వినలేదు. విలువ సవరించమని అర్జీ పెట్టమన్నాడు. వార్డు సచివాలయానికి వెళ్ళాను. పన్ను ఎక్కువైందని రివిజన్ పిటిషన్ పెట్టుకునే దారి ఉంది. తక్కువైందని పెట్టుకునే దారి ఏదని అడిగాను. అక్కడి కుర్రాడు నా వంక నిదానంగా చూసి, "బాబాయ్, ఎండన పడి వచ్చారు. ముందు కూర్చోండి, మంచినీళ్ళు తాగండి" అన్నాడు.

ఆ ఇంటికి ఇంకో చిక్కుంది. కాగితం ఇప్పటికీ మామగారి పేరునే వస్తోంది. ఆయన పోయి చాలా ఏళ్ళయినా, మున్సిపాలిటీ లెక్కలో మాత్రం క్రమం తప్పని పౌరుడే. పేరు మార్పించాలంటే మరణ ధ్రువపత్రం, వారసత్వ కాగితాలు, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న సంతకాలు కావాలి. మిగతా వారసుల్లో మా ఆవిడ ఒకతి. ఆ సంతకం మాటెత్తినప్పుడల్లా వంటింట్లో ఏదో ఒకటి మాడిపోతూ ఉంటుంది. పన్ను రసీదు చేతిలో ఉన్నంత మాత్రాన ఇల్లు మనదైపోదని, అది హక్కు పత్రం కాదని ఎంతమంది వకీళ్ళు చెప్పినా, మన ఇళ్ళల్లో ఆ రసీదుల్ని పట్టుచీరల మధ్యే దాస్తారు.

అద్దెకివ్వని ఖాళీ ఇంటికి దరఖాస్తు పెట్టుకుంటే పన్నులో కొంత తగ్గింపు అడగవచ్చు. ఆ సంగతి చెప్పగానే ఫ్రిస్కో నుంచి మా అత్తగారు ఫోను లాక్కున్నారు. "తులసికోట ఉన్న ఇల్లు ఖాళీ అని మన చేత్తో రాసిస్తామా అల్లుడుగారూ? రేపు ఎవరన్నా వచ్చి కూర్చుంటే?" దాంతో తగ్గింపు తులసికోట దగ్గరే ఆగిపోయింది.

పోనీ అద్దెకిద్దామని చూశాం. ఆసుపత్రిలో ఉద్యోగం చేసే కుర్రాడొకడు అడ్వాన్సుతో సహా వచ్చాడు. యజమాని ఎన్నారై గనుక ప్రతి నెలా అద్దెలో నూటికి ముప్పై పైచిలుకు పట్టుకుని ఆదాయపు పన్ను శాఖకి జమచేయాలి, అద్దె ఎంత తక్కువైనా ఇదే రూలు, దానికోసం ట్యాన్ నంబరు తీసుకోవాలి, మూణ్ణెల్లకోసారి రిటర్ను వేయాలి అని చెప్పాను. నా మాట పూర్తికాకముందే బైకు స్టార్టయింది. అద్దె వస్తే అందులోంచి ఇంటి పన్ను మినహాయించుకోవచ్చు, అదీ యజమాని ఆ ఏడు నిజంగా కట్టి ఉంటేనే. అమెరికా రిటర్నులో చూపించి లాభపడదామంటే, ఇలా సొంతానికి ఉంచుకున్న విదేశపు ఇంటి పన్నుకి అక్కడ 2018 నుంచి మినహాయింపు తీసేశారు.

ఇంటి పన్ను మీద మన ప్రాంతం వాళ్ళకున్న పట్టింపు ఈనాటిది కాదు. 1919లో చీరాల, పేరాల ఊళ్ళని కలిపి మున్సిపాలిటీ చేస్తే, ఏడాదికి నాలుగు వేలున్న పన్ను నలభై వేలకి పోయింది. జాతీయోద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద 1921లో ఆ జనం, ఎక్కువమంది పేద నేతగాళ్ళూ రైతులూ, ఇళ్ళకి తాళాలు వేసి ఊరవతల రామనగరంలో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఎండకీ వానకీ ఓర్చుకున్నారు. ఊళ్ళో ఎవరూ లేకపోతే మున్సిపాలిటీ ఎవరికి? ఇళ్ళు వదిలేసి పన్ను ఎగ్గొట్టిన వాళ్ళు ఆనాటి మన గుంటూరు జిల్లావాళ్ళే. ఇళ్ళు వదిలేసి పన్ను కడుతున్న వాళ్ళు కూడా ఇప్పుడు మనవాళ్ళే. గోపాలకృష్ణయ్య గారు చూస్తే ఏమనేవారో గానీ, ఆయన వెంట నడిచిన వాళ్ళెవరికీ రెండో ఇల్లు లేదు.

మంగళగిరి ఇంటి పన్నులో నాకిష్టమైన పద్దు ఒకటుంది: గ్రంథాలయ సెస్సు, పన్నులో రూపాయికి 8 పైసలు. ఫ్రిస్కోలో బడికి పోయేదాంతో పోలిస్తే చిల్లరే అయినా, పుస్తకానికి పైసా రాల్చని ఇంటివాడి చేత కూడా పుస్తకం కొనిపించే చట్టం అది. వసూలైన ఆ పైసలన్నీ గ్రంథాలయాల దాకా చేరితే ఇంకా సంతోషిస్తాను.

ఇక పన్ను కట్టడం సంగతి. 2025 జనవరి నుంచి మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు అందుతున్నాయి, ఇంటి పన్నుతో సహా. బావమరిది ఉత్సాహంగా తన అమెరికా కార్డుతో ప్రయత్నించాడు. కార్డు ఒప్పుకోలేదు. ఇక్కడి బ్యాంకు ఖాతాతో ప్రయత్నిస్తే ఓటీపీ మామగారి పాత నంబరుకి పోయింది. ఆ సిమ్ముని మేము ఇత్తడి గుండిగలో వెతికాం. చివరికి నేనే కట్టి రసీదు పంపాను. కొన్ని డాలర్లు పంపి "మిగిలింది ఉంచుకోండి బావగారూ" అన్నాడు. మిగిలింది కాదయ్యా, తక్కువైంది అని లెక్క పంపితే నవ్వుతున్న బొమ్మ ఒకటి వచ్చింది.

మంగళగిరి కొండ మీద పానకాల స్వామి బిందెడు పానకం పోస్తే సగం తాగి సగం భక్తుడికే వదిలేస్తాడు. మున్సిపాలిటీకి అంత దయ లేదు గానీ, ఏప్రిల్ 30 లోపు మొత్తం ఏడాదిది కడితే నూటికి అయిదు వదిలేస్తుంది. ఆలస్యం చేస్తే నెలకి రెండు శాతం వడ్డీ కలుపుతుంది. విదేశాల్లో ఉండి ఇక్కడ ఇళ్ళున్న పాఠకులకి నా మనవి: అసెస్‌మెంట్ నంబరు మీ ఫోనులోనే దాచుకోండి, ఓటీపీ వచ్చే నంబరు బతికున్నవాళ్ళది పెట్టుకోండి, ఏప్రిల్‌లోనే మీ చేత్తో మీరే కట్టేయండి. విలువ తక్కువ కట్టారని మాత్రం బావగారిని సచివాలయానికి పంపకండి.