బీరువా తాళం, భేతాళుడి ప్రశ్న

మా ప్రాథమిక పాఠశాలలో పుస్తకాల మీద ప్రేమకు లోటు లేదు. ఎంత ప్రేమంటే, వాటికి ఎండ తగలనివ్వరు, దుమ్ము తగలనివ్వరు, ముఖ్యంగా పిల్లల చెయ్యి తగలనివ్వరు. హెచ్చెమ్ గారి గదిలో మూలన ఇనుప బీరువా. తాళంచెవి ఆయన మొలతాడుకు కట్టి ఉంటుందని పిల్లల నమ్మకం. నిజానికి సొరుగులో హాజరుపట్టీ కిందే ఉంటుంది. ఆ సంగతి నేనెందుకు చెప్పాలి?

పాపం, ఆయన్ని అనకూడదు. పుస్తకం పోతే స్టాక్ రిజిస్టరు ప్రకారం పట్టుబడేది ఆయనే. రేపు రిటైరయ్యే నాడు పాతిక రూపాయల కోతిబొమ్మల పుస్తకం ఒకటి లెక్క తేలక పింఛను కాగితాలు ఆగిపోతాయని ఆయన బెంగ. బీరువా చప్పుడైతే చాలు, పక్క గదిలో ఎక్కాలు చెప్పిస్తున్నవారల్లా ‘ఎవర్రా అక్కడ?’ అంటూ పరిగెత్తుకొస్తారు.

ఇలాంటి బడికి అప్పుడప్పుడూ పఠనోద్యమాలు వస్తుంటాయి. 2022 జనవరి 1న కేంద్రం ‘పఢే భారత్’ అని వంద రోజుల కార్యక్రమం మొదలుపెట్టింది. మరుసటి నెలలో పక్క రాష్ట్రం తెలంగాణ ‘రీడ్’ అంటూ తనదీ ఒకటి ఎత్తుకుంది. ఉద్దేశాలకు వంక పెట్టను. కాకపోతే ఏ ఉద్దేశమైనా ఢిల్లీలో బయల్దేరి, రాజధాని, జిల్లా, మండలం దాటి మా వరండాలోకి వచ్చేసరికి ఫోటోగా మారిపోతుంది. సాయంత్రం నాలుగు లోపు యాప్‌లో ఎక్కించాలి.

ఫోటో రోజున బీరువా తెరుస్తారు. పిల్లల్ని ఎత్తు ప్రకారం కూర్చోబెడతాం. అట్టలు మెరిసే పుస్తకాలు ముందు వరసకు. ‘నవ్వండర్రా! పళ్ళు మరీ అంత బయటపెట్టొద్దు, చదువుతున్నట్టు నవ్వండి’ అని హెచ్చెమ్ గారి దర్శకత్వం. ఒకసారి ముందు వరసలో ఒకటో తరగతి పాప పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుంది. సరిచేయబోతే నా చేతిని తోసేసింది. ‘గబ్బిలం సార్! అది తిన్నగా కనబడాలంటే ఇలాగే పట్టుకోవాలి’ అంది. వంగి చూశాను. నిజమే, గబ్బిలమే. ఆ ఫోటోలో అంతమంది ఉన్నా చదువుతున్నది అదొక్కతే. ఆ ఫోటోనే పనికిరాదని తీసేశారు.

తాళం ఒక అడ్డమైతే, దాన్ని మించింది ఇంకొకటి ఉంది. పుస్తకం చేతికొచ్చి, పిల్లవాడు కథలో పడి, మొసలి వీపు మీద కోతితో పాటు నది మధ్యకు చేరుకున్నాక, ఒడ్డు మీంచి ఒక పెద్దమనిషి కేకేస్తాడు: ‘ఏరా, ఇందులో నీతి ఏమిటి?’

తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన మా మూడో తరగతిలో ఈ ప్రశ్నే వేశారు. మొదట లేచినవాడు, ‘ఎక్కడికెళ్ళినా గుండెకాయ ఇంట్లో పెట్టి వెళ్ళాలి సార్’ అన్నాడు. రెండోవాడు, ‘పెళ్ళాం అడిగిందల్లా తెస్తానని ఒప్పుకోకూడదు సార్’ అన్నాడు. అధికారి గారు వాణ్ణి కొంచెం ఎక్కువసేపే చూశారు. మూడో అమ్మాయి మాత్రం ‘మిత్రద్రోహం మహాపాపం’ అని టకీమని అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకుంది. ఆ పిల్ల కథ చదవలేదు. గైడులో చివరి లైను చదివింది. చదివినవాళ్ళిద్దరికీ ‘కూర్చో, కూర్చో’!

మాది తెనాలి పక్క ఊరు. పిల్లల పత్రిక చందమామ పెట్టినవాళ్ళలో ఒకరైన చక్రపాణిదీ, దాన్ని 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. దయ్యాల్నీ దేవుళ్ళనీ నమ్మని కుటుంబరావు అన్నేళ్ళపాటు అందులో భేతాళుణ్ణి పోషించారంటే, పిల్లలకు ఏం కావాలో తెలిసిన మనిషన్నమాట. ఆ భేతాళుడూ కథ చివర ప్రశ్న అడుగుతాడు. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. మా క్లాసులో జరిగేది అచ్చంగా అదే. నీతి చెప్పకపోతే నెత్తిన మొట్టికాయ, చెబితే పుస్తకం మళ్ళీ బీరువా ఎక్కుతుంది. తేడా అల్లా, విక్రమార్కుడు పట్టు వదలకుండా మళ్ళీ చెట్టు దగ్గరికి వెళ్ళాడు. మావాళ్ళు గోళీలాటకు వెళ్ళారు. తప్పెవరిది?

డేనియల్ పెనాక్ అని ఫ్రాన్సులో ఒక బడిపంతులు, రచయిత కూడాను. 1992లో ఒక పుస్తకం రాస్తూ పాఠకుడికి పది హక్కులు ఇచ్చేశాడు. మొదటిది చదవకుండా ఉండే హక్కు. రెండోది పేజీలు దాటేసే హక్కు. మూడోది పూర్తిచేయకుండా వదిలేసే హక్కు. పదోది నాకు మరీ నచ్చింది: చదివాక ఎవరికీ ఏమీ చెప్పకుండా ఊరుకునే హక్కు. స్టాఫ్ రూములో చదివి వినిపిస్తే మా సహోపాధ్యాయిని, ‘ఇవన్నీ మా క్లాసు పిల్లలకు పుట్టుకతోనే ఉన్నాయి మాస్టారూ, కొత్తగా ఇవ్వడమెందుకు?’ అని వంకాయకూర గిన్నె మూత తీశారు.

నేను చేస్తున్నదల్లా ఒక్కటే. మధ్యాహ్న భోజనం బెల్లుకు కాస్త ముందు ఒక కథ పైకి చదువుతాను. పులి గుహ గుమ్మం దాకా వచ్చి, లోపలున్న మేక గడ్డం కదలడం చూసి... అక్కడ బెల్లు. పుస్తకం బల్ల మీదే వదిలేసి బయటికెళ్ళిపోతాను. ఎవర్నీ చదవమనను. పైగా ‘ముట్టుకోకండి’ అని కళ్ళెర్రజేస్తాను. గుడ్డు ఉన్న రోజు తప్ప ఈ ఎత్తు పారనిది లేదు.

రెండో తరగతిలో ఒకడున్నాడు. ఏనుగు బావిలో పడే పుస్తకం తప్ప మరొకటి ముట్టడు. అక్షరాల కింద వేలు పాకిస్తాడు, ఉమ్మి తడి చేసి పేజీ తిప్పుతాడు. అయితే పేజీ తిరగకముందే ‘ధడేల్!’ అంటాడు. అంటే చదవడంలేదు, కంఠతా వచ్చేసింది. కొత్త పుస్తకం ఇవ్వమని అందరూ సలహా ఇచ్చారు. నేనివ్వలేదు. చదివిందే చదివితేనే చూపుకి మాటలు పట్టుబడతాయి, కూడబలుక్కోవడం తగ్గుతుంది. ఒకరోజు వాడు ‘ధడేల్’ దగ్గర ఆగి, ‘సార్, ఇక్కడ ధబేల్ అని ఉంది!’ అని అరిచాడు. ఇన్నాళ్ళూ రచయిత తనని మోసం చేసినట్టు మండిపడ్డాడు. వాడికి చదవడం వచ్చింది.

సాయంత్రం వాడి తల్లి వచ్చింది. ‘సారూ, మావాడు చదువు మానేసి పుస్తకాలు చదువుతున్నాడండీ’ అని ఫిర్యాదు. తండ్రి ఫోన్‌లోంచి తలెత్తకుండా, ‘పిల్లలకి ఏకాగ్రత తగ్గిపోతోందండీ ఈ రోజుల్లో’ అని వంతపాడాడు.

మా ఊళ్ళో శాఖా గ్రంథాలయం కూడా ఉంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమే కడుతున్నాం కాబట్టి అది మనదే. పిల్లల్ని తీసుకెళితే, దినపత్రిక మధ్యపేజీ పట్టుకున్న పెద్దాయన ‘ష్’ అన్నారు. పిల్లలింకా నోరే తెరవలేదు.

ఈ ఏడు స్టాక్ తనిఖీలో బీరువా కింది అర ఎలుకలు కొట్టేశాయని తేలింది. హెచ్చెమ్ గారి ముఖం వెలిగిపోయింది. ఎలుకలు కొడితే కొట్టివేత రాసెయ్యవచ్చట. పిల్లలు చదివి చింపితే మాత్రం రికవరీ. ‘అయితే సార్, ఆ ఏనుగు పుస్తకం కూడా...’ అని నసిగాను. అన్నం మెతుకులతో అతికించిన దాని నడుముని ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. రెండో తరగతి గదివైపు చూశారు. పెన్ను తీసి కారణం గడిలో ‘ఎలుకలు’ అని రాసి సంతకం పెట్టారు.

కిటికీ చువ్వలు పట్టుకుని అంతా చూస్తున్నవాడొకడు ఆ మాటని కూడబలుక్కోకుండా గడగడా చదివేసి, లోపలికి తల దూర్చాడు.

‘సార్, ఎలుకలంటే మేమేనా?’