రీకాల్ పిలుపు వస్తే చెవిన పెట్టకూడని సలహాలు

'మీ బండిలో లోపం ఉండవచ్చు, ఒకసారి సర్వీస్ సెంటర్‌కు తీసుకురండి' అని కంపెనీ నుంచి కబురు రాగానే ఇంట్లో, ఆఫీసులో, పార్కింగ్‌లో సలహాలు మొదలవుతాయి. ఇచ్చేవాళ్లంతా మన మేలు కోరేవాళ్లే. అయినా ఈ అయిదూ వినకండి.

1. "బాగా నడుస్తున్న బండిని కెలకడం ఎందుకు?"

2025 నవంబరులో మారుతి సుజుకీ 39,506 గ్రాండ్ విటారాలను వెనక్కి పిలిచింది. అవి 2024 డిసెంబరు 9కీ, 2025 ఏప్రిల్ 29కీ మధ్య తయారైనవి. స్పీడోమీటరు భాగంలో ఇంధనం ఎంతుందో చూపే మీటరు, హెచ్చరిక లైటు ఉన్నదున్నట్టు చూపకపోవచ్చని కంపెనీ అనుమానం. అలాంటి లోపం ఉన్నా బండి హాయిగానే నడుస్తుంది. ప్రమాదం కూడా అక్కడే ఉంది. సగం ట్యాంకు ఉందని మీటరు చెబితే ఎదురుగా ఉన్న బంకును దాటేసి వెళ్లిపోతాం. అర్ధరాత్రి హైవే మీద, వెనక లారీ వస్తుండగా పెట్రోలు అయిపోతే? మామూలు పెట్రోలు బండిలో ఇంజిన్ ఆగాక బ్రేకుకు అందే సాయం కొన్ని తొక్కులతోనే అయిపోతుంది. ఆ తర్వాత పెడల్ బిగుసుకుపోతుంది.

2. "కిలోమీటర్లు లెక్కపెట్టుకో, మీటరు ఎందుకు?"

ఘాట్ రోడ్డు, ఎండాకాలం ఏసీ, ఊరేగింపు వెనక గంటసేపు నిలబడటం, వీటితో మైలేజీ ఏ రోజుకారోజు మారిపోతుంది. పైగా బండి తీసేది మీరొక్కరే కాదు. మీ లెక్క మీ అబ్బాయికి తెలియదు.

3. "స్క్రీన్ పోతే పోయేది పాటలేగా!"

ఒకప్పుడు నిజం, ఇప్పుడు కాదు. 2021లో అమెరికాలో టెస్లా దాదాపు 1,35,000 మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. వాటి టచ్‌స్క్రీన్ వెనకున్న 8 జీబీ మెమరీ చిప్ మీద సమాచారం చెరుపుతూ, మళ్లీ రాస్తూ ఉంటే అది అరిగిపోతుంది. అయిదారేళ్లకు చిప్ చేతులెత్తేస్తే స్క్రీన్ నల్లబడుతుంది. దాంతోపాటే రివర్స్ కెమెరా పోతుంది, అద్దం మీది మంచు తుడిచే మీటలూ పోతాయి. వెనక్కి తీస్తున్న కారు వెనక పసిబిడ్డ నిలబడి ఉంటే చూపించేది ఆ కెమెరాయే. 2024లో అదే కంపెనీ దాదాపు 22 లక్షల కార్లను సరిచేసింది, హెచ్చరిక లైట్ల అక్షరాలు ఉండాల్సిన 3.2 మిల్లీమీటర్ల కంటే చిన్నగా ఉన్నాయని! కనపడని హెచ్చరిక హెచ్చరికే కాదు.

4. "షోరూంకెళ్తే బిల్లు వేస్తారు, మన మెకానిక్‌కు చూపించు."

రీకాల్ పనికి డబ్బు తీసుకోరు. లోపమున్న భాగాన్ని కంపెనీయే మార్చి ఇవ్వాలి. మీ మెకానిక్ ఎంత పనిమంతుడైనా, బ్యాటరీ తీగ పీకి మళ్లీ పెడితే మీటరు కాసేపు సర్దుకుంటుందేమో గానీ లోపం లోపల అలాగే ఉంటుంది. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 110ఎ సెక్షను, లోపమున్న బండ్లను వెనక్కి పిలవమని కంపెనీలను ఆదేశించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. అది మనకోసం వచ్చిన చట్టం, వాడుకుందాం.

5. "రీకాల్ బండి అని తెలిస్తే రేటు పడిపోతుంది, ఎవరికీ చెప్పకు."

అన్నిట్లోకీ చెడ్డ సలహా ఇదే. మీరు దాచిన లోపంతో రేపు ఇంకో కుటుంబం ప్రయాణం చేస్తుంది. కంపెనీ కబురు పాత ఓనరు ఫోనుకే వెళ్లవచ్చు, కొన్నవాళ్లకు తెలియకనే పోవచ్చు. బాగు చేయించి, ఆ కాగితం చేతికిచ్చి అమ్మండి. మీరే పాత బండి కొన్నారా? ఆర్సీలోని చాసిస్ నంబరు చెప్పి షోరూంలో ఈరోజే కనుక్కోండి. ఇంధన మీటరు మీదే అనుమానమైతే, భాగం మార్చేదాకా ట్యాంకు నిండుగా ఉంచుకోండి.

డాష్‌బోర్డు చెప్పేది అబద్ధమని డ్రైవరు సీట్లో కూర్చున్నవాళ్లకు తెలిసే వీలు లేదు. తెలిసినవాళ్లు పిలుస్తున్నారు. వెళ్లండి.