శాంతికి రీచార్జి

తెల్లవారుజామున టీవీలో గురువుగారు చిరునవ్వు చిందిస్తూ సెలవిస్తారు: అశాంతి బయటెక్కడా లేదు నాయనా, నీలోనే ఉంది, శాంతి కూడా నీలోనే ఉంది. 2007లో భక్తి టీవీ, మరుసటేడు ఎస్వీబీసీ, ఆ తర్వాత అచ్చంగా ధ్యానానికే పీఎంసీ వచ్చాక ఈ మాట చెవిన పడని తెలుగిల్లు అరుదు. విశాఖ బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో ఇది చెల్లుతుందేమో. భద్రాచలం ఏజెన్సీలోని మా చర్లలో మాత్రం కాస్త లెక్క చూసుకోవాలి, ఎందుకంటే ఇక్కడి అశాంతికి చిరునామాలన్నీ బయటివే. ఎగువన ఛత్తీస్‌గఢ్ అడవుల్లో వాన దంచిందంటే తాలిపేరు ప్రాజెక్టు 25 గేట్లూ లేస్తాయి. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది; మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. ఆ వరదలో మునిగిన నారుమడి రైతు మనసులో పుట్టిన భ్రమ కాదు. ఇక 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక సరిహద్దు దాటొచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గుత్తికోయ ఆదివాసుల సంగతి. పోడు కొడితే అటవీ శాఖ అడ్డుపడుతుంది. పట్టా అడిగితే మీరు పక్క రాష్ట్రం వాళ్లంటారు. అలాంటివాళ్లను కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టమంటే, మళ్లీ కళ్లు తెరిచేసరికి గుడిసె ఉంటుందో లేదో హామీ ఇచ్చేవారు ఆ టీవీలో కనిపించరు.

ఈ బోధలోని గడుసుతనమంతా అక్కడే ఉంది. బయటున్న కారణాన్ని గుట్టుచప్పుడు కాకుండా లోపలికి బదిలీ చేస్తుంది. ఆ బదిలీ జరిగిపోయాక కరకట్ట ఏదని అడగనక్కర్లేదు, పట్టా ఏమైందని ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు, తప్పంతా మనసుది. ఏ ప్రభుత్వానికైనా ఇంత చవకైన సంక్షేమ పథకం ఇంకోటి దొరకదు. పోనీ శాంతి మనలోనే ఉందనుకుందాం. మరి రోజూ పొద్దున్నే ఆ ఛానల్ పెట్టడమెందుకు? డిష్ రీచార్జి అయిపోయిన రోజున ఆ శాంతి ఎటు పోతుంది? ఇలాంటి కార్యక్రమాల నడుమ యంత్రాలూ రుద్రాక్షలూ అమ్మే ప్రకటనలు సరేసరి: లోపలున్న దానికి కొరియర్ ఖర్చులు అదనం! మహిమలున్నాయంటూ యంత్రాలు అమ్మే టీవీ ప్రకటనలు చట్టవిరుద్ధమని బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి 2021 జనవరిలోనే తేల్చింది.

మనసు నిమ్మళిస్తే నిద్ర పడుతుంది కదా, పేదవాడికి ఆ కాస్త ఊరటా వద్దా అని కొందరి ప్రశ్న. వద్దని ఎవరన్నారు? పావుగంట కళ్లు మూసుకుని కూర్చుంటే నష్టమేమీ లేదు. కానీ మలేరియా పీడించే ఏజెన్సీలో దోమతెర కట్టుకుని పడుకోమనడం వేరు, దోమలే లేవనడం వేరు. బుద్ధుడూ మనసునే చూసుకోమన్నాడు కదా అని ఇంకొందరు. అన్నాడు, నిజమే. అయితే రోహిణి నది నీళ్ల కోసం శాక్యులూ కోలియులూ కత్తులు దూసినప్పుడు మాత్రం ఆయన ప్రవచనంతో సరిపెట్టలేదు. వెళ్లి రెండు సేనల మధ్య నిలబడ్డాడని బౌద్ధ కథలు చెబుతాయి. మన టీవీ గురువుల్ని అంత పని చేయమనలేం. ఏసీ స్టూడియో వదిలి తాలిపేరు గట్టుకు రావడం కష్టమే. కనీసం జూలై, ఆగస్టుల్లో ప్రవచనం సాగుతుండగా వారి పాదాల కింద స్క్రోలింగులో తాలిపేరుకు ఎన్ని గేట్లెత్తారో, భద్రాచలం దగ్గర నీళ్లు ఎన్ని అడుగులున్నాయో వేయిస్తే చాలు. చర్లలో ఆ కార్యక్రమానికి రేటింగు అమాంతం పెరుగుతుంది.