పడవల ఏసీ, నా తెలివి

ఏసీ చల్లబడుతలేదని ఎవరన్న ఫోన్ చేస్తే, మిషను మొఖం సూడకముందే "గ్యాస్ అయిపోయింది సార్" అనుడు నాకు కోరుట్లల పని నేర్చుకున్న షాపులనే అలవాటైంది. మే నెలల జగిత్యాల దిక్కు 45 డిగ్రీలు దాటుడు కొత్త గాదు. ఆ ఎండకు ఇంటాయన కారణం అడుగడు, చల్లగాలి అడుగుతడు. గ్యాస్ పోస్తే నోట్లు వస్తయి, బయటి యూనిట్‌కు పట్టిన దుమ్ము కడిగితే చాయ్ పోస్తరు. అసలు ఏసీల గ్యాస్ ఖర్చయ్యేది గాదు. ఎక్కడన్న లీకుంటే తప్ప ఏండ్లకేండ్లు అదే గ్యాస్ తిరుగుతుంటది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి ఆడే అబద్ధాన్ని మోసం అంటరు. ఆడంగ ఆడంగ నా అబద్ధాన్ని నేనే నమ్మిన సూడుండ్రి, దానికి ఏం పేరు పెడతరో మీరే పెట్టుండ్రి.

ఆ తెలివి పట్టుకొనే దుబాయ్ పోయిన. బిల్డింగుల ఏసీలు సూసుకుంట బతుకుతుంటే, ఒక ఎండకాలం మేస్త్రి వచ్చి "పడవల ఏసీ సూస్తవా?" అన్నడు. "ఏసీ యాడున్నా ఏసీయే గదా" అన్న. అప్పటికి నాకు నీళ్లంటే ధర్మపురి గోదారి, ఎస్సారెస్పీ కాల్వ. గంతే.

మెరీనాల తెల్లటి యాట్ కట్టేసి ఉన్నది. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక, మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాక ఎండల పని చేయించొద్దని చట్టం. కానీ పడవ లోపల నీడనే గదా, మాకు వర్తించదు. ఎక్కుడుతోనే పైనంత తిరిగిన, కిందంత తిరిగిన. ఫిలిప్పీన్స్ కెప్టెన్ నా యెంబడే తిరిగి తిరిగి, ఏం వెతుకుతున్నవని అడిగిండు. "సేఫ్టీ చెకింగ్" అన్న. నేను వెతికేది అవుట్‌డోర్ యూనిట్. పడవకు అది ఉండదని నాకు తెల్వదు.

పడవల మిషనంత ఒక్క డబ్బనే, మంచం కింద ఉంటది. ఇంట్లనైతే బయటి ఫ్యాను వేడిని గాలిలకు ఊదుతది. పడవల ఆ పని సముద్రం నీళ్లు చేస్తయి. అడుగున ఒక తూటు, దానికో వాల్వు, చెత్త ఆపేటందుకు జల్లెడ బుట్ట ఉన్న స్ట్రెయినర్, తర్వాత పంపు. పంపు తోసిన నీళ్లు ఉప్పుకు తినకుండ ఉండేటట్టు రాగి, నికెల్ కలిపి చేసిన గొట్టంల నుంచి పోయి, గ్యాస్ వేడిని గుంజుకొని, పడవ పక్క తూటు నుంచి బయట పడతయి. ఎండకాలం ఆ సముద్రమే 30 డిగ్రీల పైన కాగి ఉంటది. నీళ్ల ధార జర సన్నగైందంటే సాలు, లోపల ప్రెషర్ లేస్తది. ఇదంత నాకు తర్వాత తెలిసిన ముచ్చట.

అప్పుడు నేను చూసింది బోర్డు మీద వెలిగే మూడక్షరాలు: హెచ్, పి, ఎఫ్. మోటర్ల నడుమ పుట్టిన పిల్లగాన్ని. మా దిక్కు హెచ్.పి. అంటే ఒక్కటే అర్థం, ఐదు హెచ్.పి. మోటర్, ఏడున్నర హెచ్.పి. మోటర్. "హార్స్ పవర్ ఫెయిల్" అని కెప్టెన్‌కు చెప్పిన, అదీ ఇంగ్లీషుల. కంప్రెసర్‌కు బలం సాల్తలేదని కెపాసిటర్ మార్చిన. మళ్లా అదే. అది హై ప్రెషర్ ఫెయిల్యూర్ అని మిషన్‌తోని వచ్చిన పుస్తకంలనే రాసి ఉన్నది. పుస్తకం అర్రలనే ఉన్నది. పుస్తకం తీస్తే పని రానోడు అనుకుంటరని తియ్యలే.

ఇగ మిగిలింది మనకు వచ్చిన మంత్రమే. గ్యాస్. అండ్ల ఉన్నది ఆర్-410ఏ. పాత ఆర్-22 కన్న దాని ప్రెషర్ ఒకటిన్నర రెట్ల పైన. ఎంత గ్యాస్ పట్టాల్నో పట్టీ మీద గ్రాములల్ల రాసుంటది, కాంట పెట్టి తూసి ఎక్కియ్యాలె. నేను కాంట తేలే, మనకు చెయ్యే కాంట. ప్రెషర్ ఎక్కువై ఆగుతున్న మిషన్ల ఇంకింత గ్యాస్ పోసిన. ఇదివరకు జరసేపు నడిచి ఆగేది, ఇప్పుడు నడిచినట్టే చేసి ఆగుతున్నది. "సూసినవా, ఫరక్ వచ్చింది" అన్న కెప్టెన్‌తోని. వచ్చింది నిజమే.

ఆ రాత్రి సిరిసిల్ల బావతోని ఫోన్ల మాట్లాడుకుంట మిషన్‌ను తిట్టిన. బావ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తడు. అంత విని, "బామ్మర్దీ, సాంచ నడుమల ఆగితే ఖరాబైనట్టా? పోగు తెగితే అదే ఆగుతది. తెగిన పోగేందో సూడరాదు" అన్నడు. నాకు నవ్వొచ్చింది. "బావా, గిది ఏసీ, నీ సాంచ గాదు" అన్న. సాంచాలల్ల అడ్డపోగు తెగుడుతోనే మిషన్‌ను ఆపే ఫోర్కు ఉంటది. నా ముందట ఉన్న ప్రెషర్ స్విచ్ చేస్తున్నది అచ్చం అదే పని. అది మిషన్‌ను కాపాడుతుంటే నేను దాన్నే శత్రువు చేసుకున్న.

తెల్లారి డెక్ కడిగే పిల్లగాడు పడవ పక్కకు వంగి చూసి, "పానీ నై ఆరా" అన్నడు. ఏసీ నడుస్తుంటే పక్క తూటుల నుంచి ధార పడాలె. పడుతలేదు. ఏసీ ఖరాబైందంటే ముంగట చూసేది అదేనట. కండ్లుంటే సాలు, గేజి అక్కర్లేదు.

స్ట్రెయినర్ దగ్గరికి ఉరికిన. తెలివి వచ్చినంక జోరు ఎక్కువైతది గదా, అడుగు వాల్వు బంద్ చెయ్యకుండనే మూత తిప్పిన. పడవ అడుగున ఉన్నది సముద్రం. మూత ఎగిరి నీళ్లు మీదికి తన్నినయి. కెప్టెన్ ఉరికొచ్చి వాల్వు తిప్పిండు. ఆయన ఏం తిట్టిండో నాకు ఆ భాష రాదు కాబట్టి బతికిపోయిన. బుట్ట నిండ నాచు, పెంకులు, జెల్లీ చేపల జిగురు.

బుట్ట కడిగి పెట్టినంక పంపు తిరుగుతున్నది, నీళ్లు మాత్రం రావు. పంపు కాలిపోయింది, కొత్తది కావాలె అన్న. ఇన్ని చేసిన గాని, ఈ మాటకే నాకు ఇప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటది. మా నాయిన బాయి మోటర్ పెడితే, పైపులల్ల గాలి పట్టి నీళ్లు ఎక్కకపోతే, బకిట్ల నీళ్లు తెచ్చి పంపుల నింపింది నేనే. చిన్నప్పుడు బడికి పోకముందు నా పని అదే. గాలి పట్టిన పంపు వట్టిగ తిరుగుతదని, గాలి తీస్తే తప్ప నీళ్లు గుంజదని కోరుట్ల చుట్టుపక్కల పశుల కాపరి పిల్లగానికి గూడ ఎరుక. పడవ పంపు గూడ అదే జాతి. అందుకే దాన్ని నీటిమట్టం కన్న కిందికి బిగిస్తరు. నేను మూత తీసినప్పుడు గాలి జొచ్చింది. కెప్టెన్ పంపు పైన పైపు క్లిప్పు జర వదులు చేసిండు. గాలి బుసబుసమని పోయింది, నీళ్లు రాంగనే బిగించిండు. పక్క తూటుల నుంచి ధార పడ్డది. నేను పోసిన గ్యాస్ అంత తీసి, వాక్యూమ్ చేసి, కాంట మీద తూసి మళ్లా ఎక్కిచ్చుడు మిగిలింది. ఆ పనికి ఇంకో మెకానిక్‌ను పంపిండ్రు.

నాయిన దగ్గర నేర్చుకున్నదాన్ని వ్యవసాయం ఖాతల రాసి, ఏసీని చదువు ఖాతల రాసుకున్న. బావ మాటకు నవ్విన నవ్వు గూడ అసొంటిదే. ఏసీకి, మగ్గానికి చుట్టరికం ఉన్నదని నాకు తర్వాత తెలిసింది. 1902ల విల్లిస్ క్యారియర్ మొదటి ఏసీ మిషన్ తయారుచేసింది బ్రూక్లిన్‌ల ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం, కాగితం చెమ్మకు ఉబ్బకుండ. 1906ల ఎయిర్ కండిషనింగ్ అన్న పేరు పెట్టిన స్టువర్ట్ క్రామర్ బట్టల మిల్లుల ఇంజనీరు, ఆయన చూసుకున్నది నూలుకు కావాల్సిన తేమ. సిరిసిల్లల బావ వాళ్ల నాయిన గుంట మగ్గం మీద నూలు నేసినోడు. గుంట కాళ్లు పెట్టుకునేటందుకే అనుకున్న. మట్టి చెమ్మకు పడుగు పోగులు తెగకుంట ఉంటయట గూడ. ఇది చెప్తే బావ "మరి గాలి బాగుచేసుడు మా ఇంటి పనే గదరా" అని ఇప్పటికీ ఆడుకుంటడు.

జనవరిల అదే పడవకు మళ్లా పిలిచిండ్రు. నన్ను ఎందుకు పంపిండ్రో మేస్త్రికే తెల్వాలె. రాత్రి చుట్టాలు వస్తున్నరు, వేడి గాలి వస్తలేదన్నడు కెప్టెన్. జగిత్యాల మనిషిని, ఏసీల నుంచి వేడిగాలి అడిగేటోళ్లను అంతకుముందు సూడలే. డబ్బ విప్పి నీళ్లు కాగబెట్టే రాడ్ అసొంటిది యాడుందో అని వెతికిన. లేదు. ఈసారి మాత్రం పుస్తకం తీసిన. గ్యాస్ తిరిగే దిక్కును మార్చే వాల్వు ఒకటి ఉంటదట. అది తిరిగితే మిషన్ సముద్రంల నుంచి వేడి గుంజి అర్రల పోస్తది. చలికాలంల గూడ ఆ నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఉంటయి, గుంజేటంత వేడి అండ్ల ఉన్నది. ఎండకాలమంత ఒక్కదిక్కే ఉండి వాల్వు పట్టేసింది. వేడి మీద పెట్టి, స్క్రూడ్రైవర్ పిడితోని మెల్లగ తట్టిన. లోపల టక్కున మర్లింది. వేడి గాలి వచ్చింది.

కెప్టెన్ భుజం తట్టి, ఏమైందని అడిగిండు. పుస్తకం ఇంక నా చేతులనే ఉన్నది, వేలు ఆ పేజీల పెట్టుకునే ఉన్న.

"గ్యాస్ తక్కువైంది సార్" అన్న.